చామ కాదు, సామ

లోవమ్మ చేతిలో సూది ఉన్నంతసేపూ ఆమెను కదపకూడదన్న సంగతి నర్సీపట్నం కాలేజీ జువాలజీ లాబులో బల్లలకి కూడా తెలుసు. హెడ్డు మన్మథరావుగారికి మాత్రం పన్నెండేళ్ళయినా తెలియలేదు. మంగళవారం పొద్దున్న గబగబా వచ్చి, ఆమె మోచేతి పక్కనే ఒక టైపు కాగితం పెట్టి, "ఇక్కడో సంతకం పెట్టెయ్యి లోవమ్మా, బేగి" అన్నాడు.

లోవమ్మ తలెత్తలేదు. ఎలా ఎత్తుతుంది? తడి ఇసక డబ్బాలో ఒక రోజంతా ఉంచి మెత్తబరిచిన సీతాకోకచిలుక అది. ఒంట్లో గుండుసూది గుచ్చి, బెండుపలక గాడిలోకి దింపి, ఎడమ రెక్కను సూదిమొనతో వెంట్రుకవాసి చొప్పున పైకి జరుపుతోంది. కాస్త తొందరపడితే రెక్క చిరుగుతుంది. కాస్త ఆలస్యమైతే మళ్ళీ బిరుసెక్కుతుంది. రెక్క తను అనుకున్న చోటికి వచ్చాక దాని మీద సన్నటి కాగితప్పట్టీ పరిచి, పట్టీకి అటూ ఇటూ సూదులు గుచ్చి, అప్పుడు ఊపిరి వదిలింది.

అటెండరుగా రిటైరై రెండేళ్ళయింది లోవమ్మకి. అయినా శనివారం కాలేజీలో సభ ఉందని, కొత్త అటెండరు ఎస్తర్ రాణి ముట్టుకున్న ప్రతి పురుగుకీ మీసాలు ఊడిపోతున్నాయని, ఈ వారం రోజులకీ బతిమాలి పిలిపించుకున్నారు.

"ఏటి బావూ ఇది?"

"ఏం లేదు. జగదీశ్వరరావు మేష్టారు కనిపెట్టిన సీతాకోకచిలుక ఉంది కదా, అది పట్టిన రోజున ఆయనతో కొండెక్కిన మనిషివి నువ్వొక్కదానివే. మొదట పట్టిన చోటు ఫలానా అని నువ్వు సాక్ష్యం ఇస్తున్నట్టు. శనివారం సభలో చదువుతాం."

లోవమ్మకి పెద్దగా చదువు లేదు. లేబుళ్ళు అంటించీ అంటించీ పట్టుబడిన అక్షరాలు ఆమెవి. ఒక్కోదాన్నీ వేలితో తొక్కుకుంటూ పోవాల్సిందే. అలా పోయి పోయి మూడో వరసలో ఆగింది. వేలు అక్కణ్ణించి కదల్లేదు.

"చా... మ... కొండ." ఇంకోసారి చదివింది. "తప్పు రాసీసినారు బావూ. చామకొండ కాదు, సామకొండ."

మన్మథరావు నవ్వాడు. "అదేలే. నువ్వు సెప్పు అంటావు, మేం చెప్పు అని రాస్తాం. నువ్వు సేపలంటావు, మేం చేపలని రాస్తాం. ఇదీ అంతే. మీ నోటికి చ తిరగదు."

"అలాగ కాదు బావూ. నాను ఎక్కింది సామకొండ. మీ చామకొండ ఏ వేపునున్నాదో కూడా నానెరగను."

"మ్యాపులో చామకొండ ఒక్కటే ఉందమ్మా. సామకొండన్నది వెతికినా లేదు."

"మేపులో నేకపోతే కొండ నేనట్టేనేటి?"

వెనక సీసాలు కడుగుతున్న ఎస్తర్ రాణి కిసుక్కుమంది. మన్మథరావు అటు చూస్తే, దగ్గొచ్చినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

లోవమ్మ వేలు మళ్ళీ కదిలింది. ఆఖరి వరస దాకా పోయింది. ఒక మాట దగ్గర తడబడి, "అంత... రిం... ఇదేటిది?" అంది.

"అంతరించింది. ముప్పయ్యెనిమిదేళ్ళుగా చామకొండ మీద ఎవరికీ కనపడలేదు. యూనివర్సిటీ వాళ్ళు మూడేళ్ళు వెతికారు. ఇక ఆ జాతి లేదని శనివారం ప్రకటిస్తారు."

"సచ్చిపోనాదనా?"

"అంతే కదా మరి."

"పోయినేడు వానలకి సూసినాను బావూ నాను! మా సెల్లెలు అప్పలలచ్చిమి ఇంటికెళ్ళినప్పుడు సామకొండ గెడ్డ నీళ్ళ కాడ రాతి మీద కూకున్నాది. నన్నూ ఓ పాలి ఓ ఆఫీసులో సచ్చిపోనానని రాసీసినారు. బతికే ఉన్నానని సెప్పుకోడానికి నాలుగు నెల్లు తిరిగినాను. నాకంటే నోరుంది. దానికేటున్నాది?"

కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, తడి తగలకుండా, ఎంతో మర్యాదగా బల్ల అవతలి అంచుకి జరిపింది. సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఇంకా కుడి రెక్క మిగిలి ఉంది.

* * *

మర్నాడు సాయంత్రం బలిఘట్టంలో లోవమ్మ ఇంటికి సాయిప్రియ వచ్చింది. చామకొండ మీద మూడు వానాకాలాలు వెతికిన పిల్ల ఆమే. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. చెప్పులు విప్పితే పాదాల మీద జలగలు కరిచిన మచ్చలు ఇంకా నల్లగా ఉన్నాయి. లోవమ్మ ముందు ఆ మచ్చలే చూసింది, తరవాతే మొహం చూసింది.

"కూకో తల్లీ. ఎంత తిప్పలు పడ్డావమ్మా, నేని సోట ఎతికి!"

అరుగు మీద లోవమ్మ చేటతో చెరుగుతోంది. చేట ఎగిరినప్పుడల్లా పొట్టు గాలికి లేచి, గింజ ఇసకలా జారి వెనక్కి చేరుతోంది. సాయిప్రియ ఒక చిటికెడు తీసుకుని అరచేతిలో వేసుకుంది. ఆవగింజకి కాస్త పెద్ద, అంతే.

"ఇవేంటి అమ్మమ్మా?"

"సామలు. మా అప్పలలచ్చిమి పంపింది. ఆ కొండ మీదియ్యే. మా అమ్మోళ్ళ కాలం నుంచీ ఆ వాలంతా సామలే జల్లుతారు. అందుకే సామకొండ."

సాయిప్రియ గింజల్ని చూస్తూ కూర్చుంది. పాపం, మూడేళ్ళ కష్టం ఆ పిల్లది. లోవమ్మ చేట ఆపకుండానే ఓరగా చూసింది.

"మీరు చెప్పేది నిజమైతే మంచిదే కదా. రేపే వెళ్దాం. నాకు చూపించండి. కనిపించిందనుకోండి, ఫొటో తీస్తాను, ఇక ఎవరూ నోరెత్తరు. మన్మథరావు సారు కూడా అదే అన్నారు, ముందు చూపిస్తే అప్పుడు చూద్దామని."

చేట ఆగింది.

"నాను సూపించను."

"అదేంటమ్మమ్మా?"

"ముందు రాయండి. మొదట పట్టింది సామకొండ మీద అని రాయండి. అప్పుడు తీసుకెల్తాను, నీ సెయ్యి పట్టుకుని తీసుకెల్తాను. ముందు పురుగుని సూసి తరవాత రాస్తే, మీరు నమ్మింది పురుగుని. నన్ను కాదు. ఆవేల ఆ కొండ పేరు సెప్పింది నాను. నా మాట తప్పని ఒకాయన దిద్దీసినాడు. ముప్పయ్యెనిమిదేళ్ళు మీరందరూ ఆ దిద్దిన మాటెనకాల తిరిగినారు. ఇప్పుడైనా నా మాట నా మాటలాగ రాయండి."

"కనిపించకపోతేనో?"

"కనిపించకపోనా కొండ అదే."

సాయిప్రియ అరచేతిలో గింజల్ని వేలితో అటూ ఇటూ జరిపింది. వీధిలోంచి ఆటో ఒకటి పాట పెట్టుకుని వెళ్ళిపోయింది. చివరికి గింజల్ని జాగ్రత్తగా చేటలోకి వంచి, చేతులు దులుపుకుంది.

"ఒక సంగతి చెప్తాను. పేరు మాత్రం ఇక మారదు. ఊరి పేరునో కొండ పేరునో బట్టి లాటిన్‌లో పేరు పెడతారు. దీనికి చామకొండ పేరు పెట్టేశారు. ఒకసారి అచ్చయితే తప్పయినా అదే ఉంటుంది, రూలు అంతే. పట్టిన చోటు మాత్రం దిద్దొచ్చు. దానికి కారణం రాయాలి. మొదటి నమూనా పై ఊరి మ్యూజియంలో ఎప్పుడో పొడైపోయింది, లేబులు కూడా లేదు. కాబట్టి మొదట రాసినాయన నోటితో ఒప్పుకోవాలి. జగదీశ్వరరావుగారు ఒప్పుకుంటారా?"

"మంచాయనే," అంది లోవమ్మ. తరవాత కాస్త ఆలోచించి, "అయినా ఆయన ఒప్పుకోడం కష్టమే" అంది.

* * *

గురువారం పదిగంటలకి పెద బొడ్డేపల్లిలో మేష్టారి ఇంటి వరండాలో నలుగురూ కూడారు. జగదీశ్వరరావు మేష్టారికి ఎనభయ్యొకటి. తెల్ల బనీను, మెళ్ళో దారానికి వేలాడే భూతద్దం. లోవమ్మను చూడగానే మొహం విప్పారింది. "ఏవే లోవమ్మా, కొంగులో ఏం పట్టుకొచ్చావు ఇవాళ?" అన్నాడు. ఆమె కూడా నవ్వేసింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు, గుమ్మం చెక్కకి ఆనుకుని నిలబడింది. కూర్చుంటే మాట మెత్తబడిపోతుందని ఆమె భయం.

సాయిప్రియ సంగతంతా చెప్పింది. మేష్టారు కళ్ళు మూసుకుని విన్నాడు.

"నాకు బాగా జ్ఞాపకం. ఇదే సామకొండ అంది లోవమ్మ. ఇంటికొచ్చి మ్యాపు తీస్తే చామకొండ కనపడింది. వీళ్ళు చ పలకరు కదా, నేనే సరిచేసి రాశాను. నేను చేసిన పనల్లా అదే." ఆ ఆఖరి మాట కాస్త గర్వంగానే అన్నాడు. ఎన్నో వేల పేపర్లు దిద్దిన చెయ్యి మరి.

"చూశావా లోవమ్మా?" మన్మథరావు అందుకున్నాడు. "మేష్టారు పొరపాటు పడలేదు. నీ నోట్లో చ లేదు, ఆయన వేశారు."

"నా నోట్లో చ నేదా?" లోవమ్మ గుమ్మం వదిలి రెండడుగులు ముందుకొచ్చింది. "చా! చా! చా! ఇనపడిందా బావూ? ఇంకో పాలి అనమంటారా? కావాలంటే మీ పేరుకి ముందు కూడా తగిలిస్తాను!"

సాయిప్రియ మొహం పక్కకి తిప్పుకుంది. మేష్టారి బొజ్జ నవ్వుతో ఊగింది. మన్మథరావు చెవులు ఎర్రబడ్డాయి.

"అనగలవు సరే. అప్పట్లో అన్నావా? మామూలుగా మాట్లాడేటప్పుడు సెయ్యి, సెట్టు, సింతకాయ అంటావా లేదా? మరి చామ అన్నది నీ నోట్లో సామ కాకుండా ఇంకేమవుతుంది? అది చెప్పు."

లోవమ్మ అంటుంది, నిజమే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సెట్టే అంటోంది. ఆయన వేసిన లెక్కలో ఎక్కడో తప్పుందని ఒళ్ళంతా చెబుతోంది గాని, ఆ తప్పు ఎక్కడుందో వేలికి తగలడం లేదు. చీకట్లో సూది మొన వెతికినట్టుంది. ముగ్గురూ ఆమె మొహంకేసి చూస్తున్నారు.

అప్పుడు లోపలి నుంచి మేష్టారి భార్య రాజేశ్వరిగారు టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చింది. మోచేతుల దాకా చింతపండు పులిమి ఉంది. పళ్ళాన్ని వేళ్ళ కొసలతోనే పట్టుకుని, స్టూలు మీద ఎలాగో దింపింది.

"మీరే తీసుకోండమ్మా, ఏమీ అనుకోకండి. చేతులు ఒకటే దురద. చేమదుంపలు వలుస్తున్నాను."

లోవమ్మ తల చటుక్కున తిరిగింది.

"ఏటి ఒలుస్తున్నారమ్మగారూ?"

"చేమదుంపలే. పులుసు పెడదామని."

"ఇంకో పాలి సెప్పండి."

"చేమదుంపలు. ఏం, మీ ఇంట్లో వండుకోరూ?" రాజేశ్వరిగారు తెల్లబోయింది. ఆవిడది ఇక్కడికి దగ్గరే, యలమంచిలి. పుట్టిందగ్గర్నుంచీ దాన్ని ఆవిడ మరోలా పిలిచిన పాపాన పోలేదు.

లోవమ్మ మన్మథరావు కేసి చూడనే లేదు. తిన్నగా మేష్టారి దగ్గరికెళ్ళి, ఆయన కుర్చీ ముందు నిలబడింది.

"మేస్టారూ, ఇన్నారు కదా. అమ్మగారు చేమ అంటారు. నాను సేమ అంటాను. ఈ నర్సీపట్నంలో సంతకెళ్ళి అడగండి, ఏ గంపముందు కూకున్న మనిసైనా సేమదుంపలంటాది. మేపు రాసినోళ్ళు ఎక్కడోళ్ళో గాని, చామ అని మా వేపు ఎవులూ అనరు. నా నోట్లో చ స అయిందనుకోండి, చేమకొండ సేమకొండ అవుతాది. సామకొండ ఎలాగవుతాది బావూ? నాను సామ అన్నానంటే ఇంక సామే."

సాయిప్రియ నోరు కొద్దిగా తెరుచుకుంది. మన్మథరావు టీ గ్లాసు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయనదీ ఈ పక్క ఊరే. ఆయన తల్లి వండే పులుసు ఏం పులుసో ఆయనకి తెలియదా?

"మాది తెనాలి," అన్నాడు మేష్టారు. "మా అమ్మ చామదుంపలనేది. నాకు చామే తెలుసు." భూతద్దాన్ని తీసి, దారం వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చున్నాడు. "యాభయ్యేళ్ళుగా ఈ ఇంట్లో చేమదుంపల పులుసు తింటున్నాను. ఒక్కనాడూ చెవిని పడలేదు."

"మీరెప్పుడు విన్నారు గనక నే చెప్పింది?" అంది రాజేశ్వరిగారు, అలవాటుగా.

"అయితే ఇలా చేద్దామండి," మన్మథరావు తేరుకున్నాడు. "ముందు ఆ కొండ చూసొద్దాం. పురుగు కనిపిస్తే దిద్దుకుందాం. లేకపోతే ఊరికే మీ పరువు..."

"ఒద్దు," అంది లోవమ్మ. కేక కాదు, మామూలు గొంతే. కాని ఆ గొంతుతో ఆమె ఇంతవరకూ మేష్టారి ఇంట్లో మాట్లాడలేదు. "మేస్టారూ, ఇన్నేళ్ళు మీ దగ్గర సేసినాను. ఏనాడూ ఎదురు సెప్పనేదు. ఇవేల సెప్తన్నాను. తప్పు రాసిన సేత్తోనే రైటు రాయండి. పురుగుని సాచ్చికం అడక్కండి, నన్ను అడగండి. నాను మనిసిని, ఎదురుగుండా ఉన్నాను."

మేష్టారు భార్య కేసి చూశాడు. ఆవిడ చింతపండు చేతులతో అలాగే నిలబడి ఉంది, లోపలికి పోకుండా. తరవాత ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచి, తనే లోపలికి వెళ్ళి కాగితం, అట్ట, పెన్ను తెచ్చుకున్నాడు. ఎవరినీ సాయం పట్టనివ్వలేదు.

ఆయన రాస్తూ పైకి చదివాడు. "నేను విన్నది సామకొండ. రాసింది చామకొండ. చెప్పిన మనిషి మాట మీద నాకు నమ్మకం లేక, మ్యాపు మీద నమ్మకం ఉండి అలా రాశాను. ఆ జాతిని మొదట పట్టిన చోటు రోలుగుంట అవతల సామకొండ. తప్పు నాది." పెన్ను ఎత్తి, "పట్టింది కూడా నువ్వే కదూ? కొంగు వేసి. నేను అవతల గట్టు మీద ఉన్నాను" అన్నాడు.

"అది మీరు రాస్తే రాయండి, మానితే మానండి. కొండ పేరు మాత్రం తిన్నగా ఉండాల."

మేష్టారు అది కూడా రాశాడు. కాగితం లోవమ్మ చేతికిచ్చాడు. ఆమె వేలు పెట్టి మొదటి అక్షరం నుంచీ చదవడం మొదలుపెట్టింది. టీలు చల్లారిపోయాయి. ఎవరూ తొందర పెట్టలేదు, మన్మథరావు కూడా. "సా" దగ్గరకొచ్చినప్పుడు మాత్రం ఒకసారి ఆగి, గోటితో ఆ అక్షరాన్ని చిన్నగా తట్టి, ముందుకి పోయింది. ఆఖరు దాకా చదివాకే సంతకం పెట్టింది.

* * *

శుక్రవారం తెల్లారకముందే ఆటో కట్టించుకుని బయల్దేరారు. రోలుగుంట దాటాక ఆటో ఆగిపోయే చోట దిగి, అక్కణ్ణించి నడక. లోవమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ముందు నడిచింది. సాయిప్రియ వల భుజాన వేసుకుని ఆమె వెనక. మన్మథరావు రానంటూనే వచ్చాడు. పాంటు మోకాళ్ళ దాకా మడిచి, పది అడుగులకోసారి ఆగి, "ఇంకెంత దూరం?" అంటాడు. "ఇదిగో, ఆ మలుపే," అంటుంది లోవమ్మ. మలుపులు అలాగే ఆరు అయ్యాయి.

వాలంతా సామ మొలకలు. జానెడు కూడా లేవు, తడి మట్టి మీద పచ్చగా జుట్టు మొలిచినట్టున్నాయి. మొలక తొక్కకుండా గట్టు మీదే నడవమని లోవమ్మ ఇద్దరికీ గట్టిగా చెప్పింది. పైన గెడ్డ వంపు తిరిగే చోట నల్లటి రాయి ఒకటి నీళ్ళలోకి వాలి ఉంది. అక్కడ కూర్చున్నారు.

ఎనిమిదైంది. మంచు వదల్లేదు. తొమ్మిదైంది. జల్లు పడింది, వెలిసింది. రాయి మీద ఎండుటాకులు తప్ప ఇంకేమీ లేవు. సాయిప్రియ బూటులోంచి జలగను పీకి పారేసింది.

"ఏదమ్మా నీ సీతాకోకచిలుక?" మన్మథరావు తల తుడుచుకుంటూ అన్నాడు. "కాగితమైతే రాయించేసుకున్నావు. రేపు సభలో నేను ఏ మొహం పెట్టుకుని చదవాలి?"

"ఉన్న మొహమే పెట్టుకోండి బావూ."

"నవ్వులాట కాదు. రేపు పేపరు వాళ్ళు కూడా వస్తారు."

"రానియ్యండి. కొండ పేరు అడిగితే సామకొండని సెప్పండి. అంతకుమించి మీరు సెప్పక్కర్నేదు."

ఆమె గెడ్డలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. కళ్ళు రాతి మీద కూడా లేవు, మొలకల మీద ఉన్నాయి. ఈ ఏడు జల్లిన వాళ్ళెవరో కాస్త ఒత్తుగా జల్లారు, పలచన చెయ్యకపోతే కంకి సన్నబడుతుంది, అప్పలలక్ష్మితో చెప్పాలి అనుకుంటోంది.

పదింటికి మబ్బు చిరిగి ఎండ రాతి మీద పడింది. సాయిప్రియ మోకాలికి జానెడు దూరంలో ఒక ఎండుటాకు సన్నగా వణికింది. గాలి లేదు. ఆకు మెల్లగా రెండుగా విప్పుకుంది. లోపల నీలం. రాత్రి దీపం మంట మొదట్లో ఉంటుంది చూడండి, ఆ నీలం. ఒకసారి మూసుకుంది. మళ్ళీ విప్పుకుంది.

సాయిప్రియ కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు. మన్మథరావు రెండు చేతులూ నేల మీద ఆనించి, కప్పలా ముందుకి వంగాడు.

"పట్టమ్మా! పట్టు! వల వెయ్యి!" గుసగుసే గాని కేకలా ఉంది. "ఎగిరిపోతే మళ్ళీ దొరకదు. రుజువు కావాలి కదా!"

సాయిప్రియ చెయ్యి వల కర్ర మీదికి పోయింది. లోవమ్మ నీళ్ళలోంచి లేచి, తడి చేత్తో ఆ కర్రను పట్టుకుని, నెమ్మదిగా కిందికి దింపింది.

"రుజువు నిన్ననే అయిపోనాది బావూ," అంది. "ఇప్పుడు ఊరికే సూడండి."